కత్తి పాట, గంజి పాట

నంద్యాల నుంచి కర్నూలుకు వెళ్లే దారిలో ఓర్వకల్లు వస్తుంది. ఆ మండలంలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోకు ఆయుధాల పరీక్షా క్షేత్రం ఉంది. 2025 ఏప్రిల్‌లో అక్కడ లేజర్ ఆయుధంతో డ్రోన్‌ను కూల్చి చూపించారు. జులైలో డ్రోన్ మీద నుంచి వదిలే క్షిపణిని పరీక్షించారు. కర్నూలు పేరు దేశమంతా వినిపించింది. మన ప్రాంతానికి గుర్తింపు వచ్చిందని చాలామంది సంతోషించారు. వాళ్ల సంతోషాన్ని తప్పుపట్టను. కరువు వచ్చినప్పుడో, కక్షలు రగిలినప్పుడో తప్ప ఎవరికీ గుర్తురాని నేల ఇది. అయినా ఆ రెండు పరీక్షలప్పుడూ ఒక ప్రశ్న అడగకుండానే మిగిలిపోయింది. ఈ ఆయుధం ఎప్పుడో ఒకనాడు ఎవరి మీదో పడుతుంది. ఆ మాట మన రాజకీయాల్లో, మన సాహిత్యంలో, మన వీధి నాటకంలో ఎవరు మాట్లాడాలి?

ఆ మాట మాట్లాడే సంప్రదాయం నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో లేదనుకుంటే పొరపాటు. అది ఉంది, కానీ ఒకచోట లేదు. స్వాతంత్ర్యోద్యమంలో ఒక ముక్క, పద్యనాటకంలో ఒక ముక్క, ఫ్యాక్షన్ కథల్లో ఒక ముక్క, నల్లమల చర్చల్లో ఒక ముక్క. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఒకటే. ఇది ఎవరి యుద్ధం అని అడిగి మన రాజకీయం చాలాసార్లు అక్కడే ఆగిపోయింది. తన పక్షం యుద్ధమైతే మాట్లాడలేదు. ఎవరి ఇల్లు కూలింది అని మన కళ అడిగింది. అడిగిన ప్రతిసారీ రాజకీయం కంటే ఒక అడుగు ముందుకే వేసింది. ఊళ్లో జరిగే యుద్ధాన్ని పౌరుషమని ఒప్పుకున్నంత కాలం దేశాల మధ్య యుద్ధాన్ని వద్దనే నైతిక బలం మనకు రాదు.

సైన్యం ఖర్చు కింద జమైన సీమ

ఈ సీమ ఆధునిక చరిత్ర ఒక సైనిక ఒప్పందంతో మొదలైంది. మైసూరు యుద్ధాల్లో టిపూ సుల్తాన్ నుంచి తన వాటాకు వచ్చిన ప్రాంతాలను నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. తన రాజ్యంలో కంపెనీ ఉంచిన సైన్యానికి అయ్యే ఖర్చు కింద ఇచ్చిన భూములవి. అంటే ఇక్కడి రైతు కట్టిన శిస్తు మొదటినుంచీ ఎక్కడో ఉన్న పటాలం జీతాలకు పోయింది. కర్నూలు నవాబు కట్టే కప్పం (పేష్కష్) కూడా అప్పుడే కంపెనీ చేతికి మారింది. 1800 నుంచి 1807 వరకు ఇక్కడ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాలెగాళ్లను అణిచి, కోటలు పడగొట్టించి, వాళ్ల సేనలను చెల్లాచెదురు చేశాడు. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఆయుధాలు పోగేస్తున్నాడన్న ఆరోపణతో కంపెనీ కర్నూలును కలిపేసుకుంది.

దీనికి ఇంకో కోణం ఉంది. పాలెగాళ్ల దగ్గర, గ్రామాల్లో కాపలా కాసే కట్టుబడి బంట్లకు మాన్యాలు ఉండేవి. ఆ మాన్యాలను కంపెనీ వెనక్కి లాక్కుంది. జనం చేతిలో ఆయుధం తీసేసి తన ఆయుధాన్ని మాత్రం పెంచుకున్న పాలన అది. దాన్ని శాంతి స్థాపన అని రికార్డుల్లో రాసుకున్నారు. ఆ శాంతి కింద ఎంత కోపం మగ్గిందో 1846లో బయటపడింది.

1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభల్లో చిలుకూరి నారాయణరావు సూచన మీద ఈ ప్రాంతానికి రాయలసీమ అన్న పేరు స్థిరపడింది. సైన్యం బాకీ కింద ఇచ్చేసిన మండలాలుగా తమను ఇక పిలవొద్దని ఇక్కడివాళ్లు చెప్పుకున్న సందర్భమది. ఈ విషయాన్ని యుద్ధ వ్యతిరేకత చరిత్రలో ఎవరూ రాయరు. నేను రాస్తాను. ఒక నేల తన మీద ఉన్న సైనిక లెక్కను చెరిపేసుకుంటే అది రాజకీయ చర్యే అవుతుంది.

ఒక ఊరు, రెండు పాటలు

కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ చుట్టూ ఉన్న నల్లరేగడి నేలను రేనాడు అంటారు. ఉయ్యాలవాడ ఆ రేనాటి ఊరు. 1846 జులైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మనుషులు కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డారు. మాన్యాలు పోయిన కట్టుబడులు ఆయన వెంట నడిచారు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయన్ను ఉరితీశారు. తలను కోట గుమ్మానికి వేలాడదీసి 1877 దాకా, ముప్పై ఏళ్లు, అలాగే ఉంచారు. ఒక తరం పిల్లలు ఆ తలను చూస్తూ పెరిగారు. సైనిక పాలన అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ మన జిల్లాలో దొరకదు. భయాన్ని బహిరంగ ప్రదర్శనగా పెట్టి పాలించారు.

ఆయన మీద జనం పాటలు కట్టుకున్నారు. ఆ పాటలు నేటికీ బతికే ఉన్నాయి. 2019 అక్టోబరు 2న, గాంధీ జయంతి రోజున, ‘సైరా నరసింహారెడ్డి’ సినిమా భారీ ఖర్చుతో విడుదలైంది.

అదే ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి అని మరొకాయన ఉన్నాడు. 1866 కరువులో జనం ఆకలితో ఊళ్లు వదిలిపోతుంటే తన గాదెలు తెరిచి వేలమందికి నెలల తరబడి గంజి పోయించాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపేంత పేరు వచ్చింది. జనం ఆయన మీదా పాటలు కట్టారు. తంగిరాల వెంకట సుబ్బారావు ఈ ఇద్దరి కథనూ కలిపి ‘రేనాటి సూర్యచంద్రులు’ అని పుస్తకం తెచ్చారు. ఆ పేరు సరైన పేరు. ఒక ఊరు తన కత్తి పట్టినవాడినీ, గంజి పోసినవాడినీ ఒకే గొంతుతో పాడుకుంది. జానపదుడికి ఇద్దరూ వీరులే.

ఆ తర్వాత వచ్చిన మనం ఒక పాటను పెంచుకున్నాం, రెండో పాటను మరిచిపోయాం. నరసింహారెడ్డి తిరుగుబాటు న్యాయమైనదే. దోపిడీ మీద తిరగబడినవాడిని యుద్ధోన్మాది అనలేం. ఆయన పేరు చెప్పుకుని తర్వాతి కాలంలో ఊళ్లమీద పెత్తనాలు చేసినవాళ్లు మాత్రం ఆయన వారసులు కారు. కత్తి ఎందుకు పట్టాడన్నది వదిలేసి కత్తి పట్టడమే గొప్ప అనుకోవడంలోనే సీమకు సైనిక మనస్తత్వం అంటుకుంది. ఆకలి తీర్చడం కూడా వీరత్వమే అన్న రెండో పాటను ఈ సీమ మళ్లీ నేర్చుకోవాలి.

యుద్ధానికి మనిషీ లేడు, పైసా లేదు

1939 సెప్టెంబరులో వైస్రాయి లిన్‌లిత్‌గో ఏ భారతీయ ప్రతినిధినీ అడక్కుండా దేశాన్ని రెండో ప్రపంచ యుద్ధంలోకి దించాడు. దాన్ని నిరసిస్తూ రాష్ట్రాల్లో కాంగ్రెస్ మంత్రివర్గాలు, మద్రాసులో రాజాజీ ప్రభుత్వంతో సహా, రాజీనామా చేశాయి. 1940 అక్టోబరు 17న వినోబా భావేతో వ్యక్తి సత్యాగ్రహం మొదలైంది. పద్ధతి చాలా సాదా. సత్యాగ్రహి ముందుగా అధికారులకు తెలియజేసి, నలుగురి ముందు నిలబడి, ఈ యుద్ధానికి మనుషులతోగాని డబ్బుతోగాని సాయం చేయకూడదని చెప్పాలి. అరెస్టు చేస్తే జైలుకు పోవాలి, వదిలేస్తే మళ్లీ అదే మాట చెప్పాలి. గుంపు ఉండదు, ఊరేగింపు ఉండదు. ఒక మనిషి, ఒక మాట. 1941 నడిమికల్లా ఇరవై వేల మందికి పైగా ఇలా జైళ్లకు వెళ్లారు. మన దేశంలో యుద్ధం వద్దన్నందుకే ఇంతమంది జైలుకు వెళ్లిన ఉద్యమం ఇంకొకటి లేదు.

సీమ నాయకులూ ఆ జైళ్లలో ఉన్నారు. అనంతపురం జిల్లాకు చెందిన నీలం సంజీవరెడ్డి 1940 నుంచి 1945 మధ్య ఎక్కువకాలం నిర్బంధంలోనే గడిపారు. ఎమర్జెన్సీ తర్వాత 1977లో ఆయన జనతా పార్టీ తరఫున గెలిచింది నంద్యాల నుంచే. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో ఆ పార్టీకి దక్కింది ఆ ఒక్కటే. ఇంకా వెనక్కి వెళితే కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు కనిపిస్తారు. తిరునెల్వేలిలో జనం మీద జరిగిన కాల్పులను తిడుతూ 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో సంపాదకీయం వచ్చినందుకు ఆయన జైలుపాలయ్యారు. తుపాకీ పాలనను రాతతో నిలదీసిన తొలి తెలుగువాళ్లలో ఆయనొకరు.

ఈ ఉద్యమానికి హద్దులూ ఉన్నాయి. కాంగ్రెస్ అభ్యంతరం ప్రధానంగా తమను అడక్కుండా యుద్ధంలోకి దించినందుకు. స్వాతంత్ర్యం ఇస్తామంటే యుద్ధంలో చేరడానికి చాలామంది నాయకులు సిద్ధంగానే ఉన్నారు. యుద్ధమే వద్దన్న గాంధీ ఒంటరి. మరోపక్క 1941లో హిట్లర్ రష్యా మీద దాడి చేశాక కమ్యూనిస్టులు అది ప్రజాయుద్ధమన్నారు. శ్రీశ్రీ ‘గర్జించు రష్యా’ రాశారు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి బుర్రకథలతో ఫాసిజాన్ని ఎదిరించమని ఊరూరా తిరిగింది. ఇందులో ఎవరిదీ చిన్న కారణం కాదు. ఫాసిజాన్ని ఆపకపోతే శాంతి ఎక్కడిది అన్న ప్రశ్నకు సులువైన జవాబు లేదు. కానీ ఆ వాదాల మధ్య ఒకటి జారిపోయింది. దాదాపు పాతిక లక్షలమంది భారతీయులు ఆ యుద్ధంలో సైనికులుగా పనిచేశారు. జీతం కోసం వెళ్లిన పేద రైతుల పిల్లలే వాళ్లలో ఎక్కువ. ఏ పక్షమూ వాళ్ల తరఫున మాట్లాడలేదు.

ఆ లోటు తీర్చింది కవులు. దేవరకొండ బాలగంగాధర తిలక్ ‘సైనికుడి ఉత్తరం’ కవితలో రాజ్యాల గొడవ పక్కనపెట్టి, రాసేవాడిని ఒంటరి మనిషిగా నిలబెట్టారు. ఆయన మరణానంతరం 1968లో వచ్చిన ‘అమృతం కురిసిన రాత్రి’లో ఆ కవిత ఉంది. రష్యాను గర్జించమన్న శ్రీశ్రీయే అంతకు ముందు ‘దేశచరిత్రలు’ కవితలో రాజుల యుద్ధాలతో నిండిన చరిత్రను నిలదీసి, కూలీల చరిత్ర ఎక్కడని అడిగారు. ఒకే కవిలో రెండు గొంతులూ ఉన్నాయి. తెలుగు వామపక్ష సాహిత్యం మొత్తం ఈ రెంటి మధ్యే నడిచింది.

తెల్లవారుజాము రాయబారం

ఇప్పుడు పుస్తకాల్లోంచి ఊళ్లోకి వద్దాం. రేనాటి పల్లెల్లో తిరునాళ్ల రాత్రి వేసే పద్యనాటకాల్లో తిరుపతి వేంకట కవులు రాసిన పాండవ నాటకాలకు ఉన్న గిరాకీ మరిదేనికీ లేదు. రాత్రి పదింటికి తెర లేస్తుంది. ముందు పడకసీను. కృష్ణుడు పడుకుని ఉంటాడు. దుర్యోధనుడు తల దగ్గర కూర్చుంటాడు, అర్జునుడు కాళ్ల దగ్గర నిలబడతాడు. ఇద్దరూ వచ్చింది యుద్ధానికి బలం అడగడానికే. ఒకవైపు లెక్కలేనంత సైన్యం, మరోవైపు ఆయుధం పట్టనన్న ఒక మనిషి. దుర్యోధనుడు సైన్యాన్ని కోరుకుంటాడు. ఆయుధం పట్టనివాడినే కోరుకున్న అర్జునుడి వైపు జనం మొగ్గుతారు. అక్షరం రాని ముసలమ్మకు కూడా ఈ ఎంపిక అర్థమవుతుంది.

అర్ధరాత్రి దాటాక రాయబారం వస్తుంది. హార్మోనియం శ్రుతి పెంచుతుంది. కృష్ణ పాత్రధారి పిల్లనగ్రోవి నడుముకు చెక్కుకుని, కౌరవ సభ వైపు తిరిగి, యుద్ధం జరిగితే ఏమవుతుందో పద్యం వెంట పద్యంగా చెబుతాడు. రాగం తీసి నిలిపిన చోట వన్స్ మోర్ కేకలు లేస్తాయి. కొందరు వేదికెక్కి నోటు చదివిస్తారు. అదే పద్యం మళ్లీ మొదటినుంచి. సంధి కోసం పాడే పద్యాలకు పడే వన్స్ మోర్‌లు కురుక్షేత్రం కత్తియుద్ధానికి పడవు. తెల్లవారుజామున జనం ఇళ్లకు పోతూ గొణుక్కునేది రాయబారం పద్యాలనే.

పదమూడో శతాబ్దంలో తిక్కన ఉద్యోగపర్వంలో రాసిన రాయబారం ఏడు వందల ఏళ్లు దాటాక కూడా పల్లె వేదిక మీద బతికి ఉందంటే దానికి కారణం భక్తి ఒక్కటే కాదనుకుంటాను. ఊళ్లో తగువు తీర్చడానికి పంచాయితీలో కూర్చునే పెద్దమనిషి చేసే పనినే కృష్ణుడు వేదిక మీద చేస్తున్నాడు. చివరిదాకా ప్రయత్నించి విఫలమవుతున్నాడు. వీళ్లకు ఆ వైఫల్యం తెలుసు. అందుకే ఆ పద్యం ఇక్కడ అంత లోతుగా తాకుతుంది. శాంతి కోసం మాట్లాడటం పిరికితనం కాదని, అది వీరుడు చేసే పని అని మన జనానికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ప్రతి తిరునాళ్లకూ వాళ్లు ఆ పాఠం చదువుతూనే ఉన్నారు.

ఊళ్లో యుద్ధం

ఆ పాఠం విన్న ఊళ్లలోనే తెల్లారాక బాంబులు చుట్టారు. ఆళ్లగడ్డ పేరు చెబితే ఇతర ప్రాంతాలవాళ్లకు ముందు గుర్తొచ్చేది ఫ్యాక్షనే. దీన్ని శాంతిభద్రతల సమస్యగానో, సీమవాళ్ల నెత్తురు వేడిగానో చెప్పడం సోమరి పని. ఫ్యాక్షన్‌కు ఒక చిన్న సైన్యానికి ఉండే అంగాలన్నీ ఉన్నాయి. నాయకుడు, ఆయన కోసం ప్రాణం పెట్టే మనుషులు, ఆయుధాల నిల్వ, కాపలా, వేగులు, ప్రతీకారం లెక్కలు. ఆ సైన్యంలో చచ్చేది ఎప్పుడూ కింది మనిషే. నాయకుడి పక్కన నిలబడినందుకు అతనికి భూమి రాదు, కాంట్రాక్టు రాదు. కేసు వస్తుంది, లేకపోతే పాడె వస్తుంది.

దీన్ని తేటగా విడమరిచి చెప్పినవాళ్లలో ముందువరస కె. బాలగోపాల్‌ది. బళ్లారిలో పుట్టిన బాలగోపాల్ మానవ హక్కుల ఉద్యమంలో దశాబ్దాలు గడిపారు. ఊళ్లో పెత్తనం కోసం మొదలైన తగాదాలు రాష్ట్ర రాజకీయాలతో, సారా వేలాలతో, కాంట్రాక్టులతో ముడిపడి ఎలా వ్యాపారంగా మారాయో ఆయన వివరించారు. ఇక్కడ కక్ష పెట్టుబడి, భయం దాని లాభం. రాజ్యం చేసే హింసను ప్రశ్నించినవాళ్లు ఉద్యమాలు చేసే హింసనూ ప్రశ్నించాలన్న పట్టుదలతో ఆయన, సహచరులు 1998లో మానవ హక్కుల వేదిక పెట్టారు. ఆ పట్టుదలే ఈ వ్యాసం మొత్తానికి ఆధారం. హింసను పక్షం చూసి తూచడం మొదలుపెడితే యుద్ధాన్ని ఆపే మాట మన నోట రాదు.

కథకులు ఇంకా లోపలికి వెళ్లారు. కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ, పాలగిరి విశ్వప్రసాద్ వంటి సీమ రచయితలు కక్షను నాయకుడి వైపు నుంచి కాకుండా నీళ్లు లేని చేను వైపు నుంచి, భయంతో తలుపు గడియ వేసుకున్న ఇంటి వైపు నుంచి చూపించారు. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ నవల పాలెగాళ్ల కాలానికి వెళ్లి ఆ యుద్ధాలను కింది కులాలవాళ్ల, సామాన్య బంట్ల, ఆడవాళ్ల బతుకుల్లోంచి చెప్పింది. 2019లో ఆ నవలకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పాలెగాడంటే మీసం మెలేసిన బొమ్మే గుర్తొచ్చే పాఠకుడు ఈ నవల చదివాక ఆ మీసం కింద నలిగినవాళ్లను చూడకుండా ఉండలేడు.

సినిమా దీనికి ఎదురు దారి పట్టింది. ‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001), ‘ఆది’, ‘ఇంద్ర’ (2002) వరసగా ఆడి, సీమ ముఖాన్ని కత్తిగాట్లతో అచ్చు వేశాయి. తొడగొట్టడం, సుమోలు లేవడం రాష్ట్రమంతటికీ వినోదమైంది. మా ఊళ్ల పేర్లు వింటే పక్క జిల్లాల పిల్లలు ఈలలు వేశారు. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న తల్లికి ఆ ఈల ఎలా వినిపించి ఉంటుందో ఆ సినిమాలు తీసినవాళ్లు ఆలోచించలేదు.

ఆ ఆలోచన 2018లో ‘అరవింద సమేత వీరరాఘవ’లో కొంత కనిపించింది. దర్శకుడు త్రివిక్రమ్ ఈ సినిమాలో గెలిచిన మరుక్షణం గురించి అడిగారు. భర్తనూ కొడుకులనూ పోగొట్టుకున్న ఆడవాళ్ల మాటే కథకు నైతిక కేంద్రం. పెంచల్‌దాస్ పల్లెపదం ఆ దుఃఖాన్ని మోసింది. అయినా సినిమా మొదట్లో వచ్చే నరుకుడు దృశ్యం మాత్రం పాత సినిమాల్లాగే కన్నుల పండువగా తీశారు. హింస వద్దని చెప్పే సినిమా కూడా టికెట్లు హింసతోనే అమ్ముకోవాల్సి వస్తోంది. దర్శకుడిని ఒక్కడినే నిందించి లాభం లేదు. ఈలలు వేసిన మనకూ అందులో వాటా ఉంది.

చిన్న యుద్ధం, పెద్ద యుద్ధం ఒకే వేరు నుంచి మొలుస్తాయని తెలుగులో సూటిగా చెప్పిన సినిమా ‘కంచె’. క్రిష్ తీసిన ఈ సినిమా 2015లో వచ్చింది, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం అందుకుంది. కథ రెండు చోట్ల నడుస్తుంది. ఒకటి రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ రంగం, రెండోది కులం పేరిట మధ్యలో కంచె వేసుకున్న తెలుగు పల్లె. నాజీలు యూదులను వెంటాడటానికీ, ఊళ్లో ఒక కులం ఇంకో కులాన్ని కంచెకు అవతల ఉంచడానికీ తేడా పరిమాణంలోనే ఉందని ఆ సినిమా వాదన. సీమలో ఫ్యాక్షన్‌కూ అణుబాంబుకూ మధ్య ఉన్న బంధుత్వం అర్థం కావాలంటే ఈ సినిమా దగ్గర మొదలుపెట్టాలి.

నల్లమల మాట్లాడిన నెల

ఆళ్లగడ్డ దాటి అహోబిలం వైపు వెళితే నల్లమల మొదలవుతుంది. ఆ అడవిలో రెండు దశాబ్దాలకు పైగా ఒక యుద్ధం నడిచింది. ఒకవైపు నక్సలైట్లు, మరోవైపు 1989లో ఏర్పడిన గ్రేహౌండ్స్ పోలీసు దళంతో ప్రభుత్వం. మధ్యలో చెంచులు. అన్నం పెడితే ఒకరికి కోపం, దారి చెబితే ఇంకొకరికి కోపం.

ఈ యుద్ధాన్ని మాటలతో ఆపాలని గట్టిగా ప్రయత్నించింది 1997లో ఏర్పడిన పౌర స్పందన వేదిక. రిటైరైన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ దానికి పెద్ద. కె.జి. కన్నబిరాన్, పొత్తూరి వెంకటేశ్వరరావు వంటివాళ్లు ఆయన వెంట ఉన్నారు. ఎన్‌కౌంటర్లను తప్పుపట్టారు, నక్సలైట్ల హత్యలనూ తప్పుపట్టారు, రెండు పక్షాలకూ ఉత్తరాలు రాశారు. ఏళ్ల తరబడి ఓపికగా చేసిన ఆ పని ఫలితంగా 2004 అక్టోబరులో నక్సలైట్ నేత రామకృష్ణ, ఇతర నాయకులు నల్లమల నుంచి బయటికి వచ్చారు. అక్టోబరు 15 నుంచి 18 వరకు హైదరాబాద్‌లో ప్రభుత్వంతో చర్చలు జరిగాయి. చర్చలకు దారి వేసినవాళ్లలో గద్దర్, వరవరరావు, కల్యాణరావు కూడా ఉన్నారు. గాయకుడు, కవి, నవలాకారుడు శాంతి చర్చల దూతలైన సందర్భం మన చరిత్రలో అరుదు.

2005 జనవరికల్లా ఆ ప్రక్రియ కూలిపోయింది. తుపాకులు మళ్లీ మోగాయి. విఫలమైందని దాన్ని తీసిపారేయడం తేలిక. కాల్పులు ఆగిన ఆ కొద్ది నెలల్లో ప్రాణాలతో మిగిలినవాళ్లను లెక్కలోకి తీసుకుంటే అది విఫలం కాదు. 2025లో మధ్య భారతంలో మావోయిస్టుల మీద సైనిక చర్య తీవ్రమైనప్పుడు, మళ్లీ చర్చలు జరపండని తెలుగు రచయితలు, న్యాయవాదులు అడిగారు. వాళ్ల చేతిలో శంకరన్ చూపిన దారి ఉంది. రెండువైపులా ప్రశ్నించే ఆ కష్టమైన దారిని వదిలేసి ఒక పక్షం గొంతుగా మారితే మాత్రం ఆ మాటకు బరువు తగ్గుతుంది.

భూమి కింద ఉన్నది

1991 నవంబరు ఉప ఎన్నికలో నంద్యాల ప్రధాని పి.వి. నరసింహారావును ఐదు లక్షల ఎనభై వేలకు పైగా ఓట్ల ఆధిక్యంతో లోక్‌సభకు పంపింది. ఆయన కాలంలోనే, 1995 చివర్లో, అణు పరీక్షకు ఏర్పాట్లు జరిగి ఆగిపోయాయి. 1998 మేలో వాజపేయి ప్రభుత్వం పరీక్షలు చేసింది. ఆ బాంబు కథలో నంద్యాల ఓటరు పాత్ర కూడా ఉంది. కానీ ఆ ఓటరును ఎవరూ అడగలేదు, ఓటరూ ఎవరినీ అడగలేదు.

తర్వాత యురేనియం పేరుతో ఆ కథ మన పొలాల దాకా వచ్చింది. కడప జిల్లా తుమ్మలపల్లెలో గని నడుస్తోంది, నీళ్లు చెడిపోతున్నాయని చుట్టుపక్కల రైతులు గోడు వెళ్లబోసుకుంటున్నారు. 2019లో నల్లమలలో తవ్వకాలు వద్దంటూ కవులు, గాయకులు, సినిమావాళ్లు గొంతెత్తారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఆళ్లగడ్డ ప్రాంతంలోనూ అన్వేషణ బోర్లకు వ్యతిరేకంగా నిరసనలు జరిగాయి. ఈ ఉద్యమాలన్నీ అడవి కోసం, తాగునీటి కోసం జరిగాయి. అది సరే. యురేనియం కరెంటుకే కాక ఇంకెందుకు పనికొస్తుందో కూడా ఆ వేదికల మీద మాట్లాడాలి. నీళ్ల ప్రశ్నా యుద్ధం ప్రశ్నా ఇక్కడ ఒకే బోరుబావిలో ముడిపడ్డాయి.

ఎదురుమాటలు

ఈ వాదనకు బలమైన ఎదురుమాటలు ఉన్నాయి. సరిహద్దులో శత్రువు ఉన్నప్పుడు ఆయుధం వద్దనడం ఎవరికి మేలు అని అడుగుతారు. దేశానికి రక్షణ కావాలన్నది నిజం. రక్షణ వేరు, ఆయుధాన్ని పూజించడం వేరు. ఎంత ఖర్చు, ఎందుకు, మాటలతో తీరే తగువును తుపాకీ దాకా తెచ్చిందెవరు అని అడగడం పౌరుడి హక్కు. రాయబారం నడిపిన కృష్ణుణ్ణి దేశద్రోహి అన్నవాడు దుర్యోధనుడి సభలో తప్ప ఎక్కడా ఉండడు.

రెండో మాట ఇంకా బరువైనది. మా పిల్లలకు ఉద్యోగం ఇచ్చేది సైన్యమే, దాన్నీ వద్దంటారా అని పేద తల్లిదండ్రులు అడుగుతారు. 2022 జూన్‌లో అగ్నిపథ్ పథకం మీద సికింద్రాబాద్ స్టేషన్‌లో కుర్రవాళ్లు తిరగబడ్డది యుద్ధం కోసం కాదు, కొలువు కోసం. వాళ్లలో ఒకడు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. యుద్ధ వ్యతిరేకత మాట్లాడేవాళ్లు ఈ కుర్రవాళ్లను ఎదిరి పక్షంగా చూస్తే మొదటి మెట్టు మీదే ఓడిపోతారు. సీమకు నీళ్లు, పరిశ్రమలు, కాలేజీలు అడగడం యుద్ధ వ్యతిరేక ఉద్యమంలో భాగమే. ఫ్యాక్షన్ ఇరవై ఏళ్లుగా బాగా తగ్గడానికి ఉపన్యాసాల కంటే చదువులు, వలసలు, ఇంకో బతుకుదారి దొరకడం ఎక్కువ పనిచేశాయి.

ఆళ్లగడ్డ ఉలి చేయాల్సిన పని

కళ దగ్గరే ముగిస్తాను, ఎందుకంటే ఆళ్లగడ్డకు ఫ్యాక్షన్ కాకుండా ఇంకో పేరు ఒకటి ఉంది. అక్కడి రోడ్డు పక్క షెడ్లలో పగలంతా ఉలి చప్పుడు వినిపిస్తుంది. రాతి దుమ్ముతో తెల్లబడిన చేతులు దేవుళ్లను, నాయకులను చెక్కుతుంటాయి. ఆ శిల్పకళకు భౌగోళిక గుర్తింపు దక్కింది. దగ్గర్లోని అహోబిలంలో నవ నరసింహుల్లో ఛత్రవట నరసింహుడు ఉన్నాడు. గంధర్వుల పాట వింటూ చేత్తో తాళం వేస్తున్న రూపం. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన దేవుడినే సంగీతం వింటున్నవాడిగా చెక్కే ఊహ ఈ నేలకు ఎప్పటినుంచో ఉంది.

ఆ ఉలికి నేను ఒక పని అడుగుతున్నాను. నాయకులకు విగ్రహాలు చాలినన్ని ఉన్నాయి. కక్షల్లో చనిపోయిన కూలీలకు, రెండు పక్షాలవాళ్లకూ కలిపి, ఒక రాయి నిలపండి. ఏ వర్గం జెండా దాని మీద వద్దు. నంద్యాల కాలేజీల విద్యార్థులు ఆ ఇళ్లకు వెళ్లి మిగిలిన తల్లుల, భార్యల మాటలు వాళ్ల యాసలోనే రికార్డు చేయాలి. బుడ్డా వెంగళరెడ్డి పాటలు ప్రతి బడిలో నరసింహారెడ్డి పాటల పక్కనే నేర్పాలి. నాటక సంఘాలు రాయబారాన్ని ఆడుతూనే ఉండాలి. ఓర్వకల్లులో ఇంకో ఆయుధం పరీక్షించిన రోజున మన శాసనసభ్యుడు, మన పార్లమెంటు సభ్యుడు దాని మీద ఏమన్నారో అడగాలి.

వీటిలో ఏదీ ప్రపంచ యుద్ధాలను ఆపదు. కానీ యుద్ధం మన ఊళ్లో పౌరుషంగా చెల్లడం ఆగుతుంది. అది ఆగిన ఊరి నుంచి వచ్చిన మనిషి ఢిల్లీలో నిలబడి యుద్ధం వద్దంటే, ఆ మాట వినక తప్పదు.